అవ్వ వయసు

కరీంనగర్‌లో ఎండాకాలం నాటకాలాడాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గానీ, వాళ్లు జన్మలో ముఖానికి రంగు పూసుకుని ఉండరు. మే నెలలో పూసిన రంగు పావుగంటలో మెడ దాకా దిగుతుంది. బడులకు సెలవులు అప్పుడే, మా బృందంలో సగంమంది బడిపంతుళ్లు, కాబట్టి మా నాటకాలన్నీ అగ్గి కురిసే రోజుల్లోనే ఆడేవాళ్లం. పన్నెండేళ్లు నేను ఆ ఎండల్లో చీర కట్టుకుని, సవరం పెట్టుకుని ఆడవేషాలు వేశాను. రాణులు, రాణుల చెలికత్తెలు, మొగుడు పోయి ఏడ్చేవాళ్లు, మొగుడు రాక ఏడ్చేవాళ్లు. ఏడవడంలో నాకు చుట్టుపక్కల పేరుండేది. మంచిర్యాల, నస్పూర్ గనుల దగ్గర, అటు ఇచ్చోడ, ఆదిలాబాద్ దాకా పిలిపించుకుని మరీ ఏడిపించుకునేవారు.

పగలు నేను కోర్టులో నకల్‌నవీసును. తీర్పులకూ దస్తావేజులకూ చేత్తో నకళ్లు రాయడం నా పని. నిజాం కాలంలో ఉర్దూలో మొదలుపెట్టాను. సర్కార్లు మారాయి, భాషలు మారాయి, నా కుర్చీ మాత్రం ఆ కిటికీ పక్కనే ఉండిపోయింది. రాసిన ప్రతి కాగితం చివరా ‘నకల్ ముతాబిక్ అసల్’ అని రాయాలి, అంటే నకలు అసలుకు సరిపోయిందని. ఒక సున్నా తప్పినా, ఒక పొల్లు ఎగిరిపోయినా మాట పడాలి. పదిహేనేళ్లలో నా నకలులో తప్పు దొరకలేదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నేను రాసిన తప్పుడు నకలు ఒకే ఒక్కటి ఉంది, అది తెలిసి రాసింది, దాని గురించే ఈ గొడవంతా.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయింది. ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద మా ఊరికి ఒక లెక్కల పంతులు వచ్చాడు. నాగపూర్‌లో మరాఠీ నాటకాలు చూసి వచ్చినవాడు. వచ్చిన ఏడాదే బృందాన్ని చేతిలోకి తీసుకుని, పరదాలు వద్దన్నాడు, పద్యాలు వద్దన్నాడు, పెట్రోమాక్సు దీపాలు కూడా వద్దన్నాడు. బడి ఆవరణలో సాయంత్రం ఐదున్నరకు, పొద్దు ఇంకా ఉండగానే, ఆ వెలుతురులోనే ఆడాలన్నాడు. మనం ఇంట్లో ఎట్లా మాట్లాడతామో అట్లాగే మాట్లాడాలన్నాడు. ఇరవై ఏళ్లు బృందంతో తిరిగిన హార్మోనియం ఆయనను, “అరె బాబా, పెట్టె ఇంట్ల పెట్టి నువ్వొక్కనివే రా” అని పంపించేశాడు. ఆయన మళ్లీ రాలేదు. పెళ్లికి పోయి, జ్వరమని అబద్ధం చెప్పిన ఒక పంతులును అందరి ముందర గేటు బయటికి నడిపించాడు. మనిషి మంచివాడే, కానీ అబద్ధం దగ్గర మాత్రం మొండివాడు.

నాటకం కూడా ఆయనే రాశాడు. ఒక సాలెవాళ్ల ఇల్లు. పెద్దకొడుకు బొంబాయి మిల్లుకు పోయాడు. అతని దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది, ఇంట్లో ఎవరికీ చదువు రాదు. చదివే మనిషి వచ్చేదాకా తల్లి రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటూ ఎదురుచూస్తుంది. నాటకమంతా ఆ ఎదురుచూపే. చివరికి చదివేవాడు వస్తాడు, ఉత్తరం విప్పుతాడు, నాటకం అయిపోతుంది. ఉత్తరంలో ఏముందో చెప్పరు.

ఆయన మొదటిసారి చదివి వినిపించినప్పుడే గుర్తుపట్టాను. అది మా ఇల్లు. మా అన్న బొంబాయికి పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు, ఇంకా బడి మొహం చూడలేదు. అన్న ఉత్తరం వచ్చిన రోజు అవ్వ ఎట్లా కూర్చుందో, ఏం మాట్లాడిందో, టీ తాగుతూ ఆయనకు నేనే చెప్పాను. కథ తీసుకున్నందుకు కోపం రాలేదు. వేషం నాదేనని మనసులో ఖాయం చేసుకుని ఇంటికి పోయాను.

వారం తర్వాత చెప్పాడు, ఆ వేషానికి గుంటూరు వైపు నుంచి ఒక నటి వస్తోందని. పేరున్న మనిషని, ఈ కొత్త పద్ధతి మీద ఇష్టంతో ఒప్పుకుందని చెప్పాడు. నేను సిగ్గు విడిచి అడిగాను, పన్నెండేళ్లుగా నేను వేయలేదా అని.

“మగోడు చీర కడితే జనం మగోన్నే చూస్తరు తమ్మీ, అవ్వను చూడరు. నువ్వు ప్రాంప్టింగ్ చెయ్యి. ఆమెకు మన మాట జర నేర్పు,” అన్నాడు.

మా అవ్వను ఆడటానికి నేను పనికిరాను, ఎక్కడో కృష్ణ అవతలి మనిషి పనికొస్తుంది, ఆమెకు నేర్పడానికి మాత్రం పనికొస్తాను. ఇంటికొచ్చి అన్నం సయించక కూర్చుంటే అవ్వ ఏమైందని అడిగింది. ఎండ దెబ్బ అన్నాను. ఉల్లిగడ్డ దంచి రసం తీసి అరికాళ్లకు రాసింది.

ఆమెకు పంపడానికి నాటకం నకలు రాయమని నాకే ఇచ్చాడు. ఊళ్లో మంచి దస్తూరీ నాదే మరి. ఆయన పుస్తకంలో పాత్రల వివరాల దగ్గర ‘అవ్వ, వయసు ముప్పై ఆరు’ అని ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కోర్టుకు కోస్తా నుంచి ఒక గుమాస్తా వచ్చాడు, నా పక్క కుర్చీ. ఒకరోజు అవ్వకు జ్వరం, తొందరగా పోవాలన్నాను. ఆయన చాలా జాలిపడి, “మీ అమ్మగారు చూసుకోవడం లేదా అవ్వగారిని?” అన్నాడు. అవ్వే అవ్వను ఎట్లా చూసుకుంటుందో నాకు అర్థం కాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, తర్వాత సంగతి తెలిసి కడుపుబ్బ నవ్వుకున్నాం. వాళ్లకు అవ్వ అంటే పండు ముసలిది. మాకు కన్నతల్లి. ఆ నవ్వు గుర్తుకొచ్చింది నాకు, నకలు రాస్తున్నప్పుడు.

‘అవ్వ’ అని రాశాను. వయసు రాయలేదు. కలం ఆగిందనీ, మరిచిపోయాననీ చెప్పను. కావాలనే వదిలేశాను. ఆమె ముసలివేషం నేర్చుకుని వస్తుంది, నాటకానికి ముందు ఉండే మూడు రోజుల్లో మార్చుకోలేదు, పంతులు తల పట్టుకుంటాడు, అప్పుడు చీర నాకే వస్తుంది. ఇంతే నా ఆలోచన. ఇంత నీచంగా ఇంత తేలికగా ఆలోచించగలనని నాకు అప్పటిదాకా తెలియదు. నకలు చివర అలవాటు కొద్దీ ‘నకల్ ముతాబిక్ అసల్’ అని రాయబోయి ఆగిపోయాను.

ఆమె కాజీపేటలో రైలు దిగి, బస్సులో మధ్యాహ్నానికి మా ఊరు చేరింది. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. ఎండకు మొహం కందిపోయింది. కుండలో నీళ్లు రెండు చెంబులు తాగి, విశ్రాంతి అక్కర్లేదు, సాయంత్రమే రిహార్సల్ పెట్టుకుందామంది. నన్ను పరిచయం చేస్తే, ఈ నాటకం మా ఇంటి కథేనని, మా మాట నేర్పే మనిషినని తెలిసి, “మాస్టారూ, నన్ను వదలకండి,” అని నమస్కారం పెట్టింది. నేను తిరిగి నమస్కారం పెట్టాను.

ఐదున్నరకు తరగతి గదిలో నుంచి బయటికి వచ్చింది. నెరిసిన జుట్టు సవరం, వంగిన నడుము, వణికే చెయ్యి, చేతిలో ఒక కర్ర. దాన్ని ఆమె రైల్లో అంత దూరం మోసుకొచ్చింది. ఎనభై ఏళ్ల ముసలమ్మ నిజంగానే నడిచివచ్చి, ఒక్కో కీలూ విడిగా వంచుతున్నట్టు నేల మీద కూర్చుంది. అంత బాగా చేసింది. ఒకరిద్దరు నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు.

పంతులు ఇదేమిటని అడిగాడు. “అవ్వ కదండీ,” అంది ఆమె.

సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పంతులు తన పుస్తకం తెరిచి, వయసు ముప్పై ఆరు అన్నచోట వేలు పెట్టి ఆమెకు చూపించాడు. ఆమె వంగి చదివింది. ఆయన తల ఎత్తి నా వైపు తిరిగాడు.

“నువ్వు నకలు చేసినప్పుడు గిది రాసినవా లేదా?”

రాయలేదనాలి, లేదా రాశానని అబద్ధమాడాలి. నకలు ఆమె పెట్టెలోనే ఉంది. గేటు నాకు పది అడుగుల దూరంలో ఉంది. నా నోరు తెరుచుకునేలోపే ఆమె మాట్లాడింది.

“రాశారండీ. నేనే సరిగా చూసుకోలేదు,” అంది. సవరం తీసి ఒళ్లో పెట్టుకుని, మూడు రోజులున్నాయి కదా, మార్చుకుంటానంది.

పంతులు తల పట్టుకోలేదు. నన్ను చీర కట్టుకోమనలేదు. ఆమెను నాకు అప్పగించి, మూడు రోజుల్లో నలభై ఏళ్లు తగ్గించమన్నాడు. నేను అనుకున్నది ఒక్కటీ జరగలేదు, దొరికిపోవడం కూడా. ఆమె నిజంగానే చూసుకోలేదేమో, తప్పు తన మీద వేసుకోవడం వాళ్ల వైపు మర్యాదేమో అని రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. ఏదీ సరిగా కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వను చూస్తానంది. మా వాడకు తీసుకుపోయాను. అవ్వకు అప్పటికి అరవై దాటాయి. చూపు మందగించినా కండెలు చుట్టడం మానలేదు. రాట్నం ముందు కూర్చుని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పోగు ఎట్లా పట్టాలో, తెగితే ఎట్లా అతకాలో చూపించింది. ఈమె చూపు మాత్రం పోగు మీద లేదు. అవ్వ పెదాల మీద, భుజం మీద ఉంది. ఉత్తరం వచ్చిన రోజు సంగతి అడిగితే అవ్వ ఏమీ గుర్తులేదంది. కాసేపటికి ఆమె నన్ను బయటికి పిలిచింది.

“ముసలితనం నేను తెచ్చుకున్నాను మాస్టారూ, అది నాకు అక్కర్లేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఈవిడ ఎలా ఉన్నారో అది కావాలి.”

అట్లా మొదలైంది. పొద్దున్న కోర్టుకు ముందు, సాయంత్రం కోర్టు తర్వాత, వేడి గాలి కొడుతున్న బడి వరండాలో కూర్చుని నేను ఆమెకు మా అవ్వను చెప్పుకుపోయాను. అవ్వ మాట్లాడేటప్పుడు తెగిన పోగు కొస పళ్ల మధ్య పట్టుకునేది, దాంతో మాటలు కొంచెం నొక్కినట్టు వచ్చేవి. ఎవరు ఏం అడిగినా రాట్నం ఆపేది కాదు. మనసు బాగాలేకపోతే రాట్నం జోరు పెరిగేది, గొంతు తగ్గేది. ఉత్తరం వైపు ఒక్కసారి కూడా చూడలేదు, గూట్లో పెట్టి దానికి వీపు పెట్టి కూర్చుంది. ఇవన్నీ నాకు గుర్తున్నాయని చెబుతుంటేనే తెలిసింది. ఆమె ఒక్కో దాన్ని పట్టుకుని, చేసి చూపించి, ఇలాగేనా అని అడిగేది. కాదంటే విసుక్కోకుండా మళ్లీ చేసేది. వచ్చాడు, పోయాడు అన్నవి నోట్లోంచి పోవడానికి ఒక రోజంతా పట్టింది. వచ్చిండు, పోయిండు అంటూ వరండా ఆ చివర నుంచి ఈ చివరకు, ఆ ఎండలో, పెదాలు పగిలేదాకా నడిచింది.

రెండో రోజు, ఏడ్చే చోటు వచ్చింది. ఎట్లా ఏడ్చేవారని అడిగింది. నేను ఏడ్చి చూపించాను, పన్నెండేళ్లు ఏడ్చిన పద్ధతిలో, గుండె బాదుకుంటూ. ఆమె శ్రద్ధగా చూసి, మెల్లగా అడిగింది, ఆవిడ నిజంగా అలాగే ఏడ్చారా అని.

ఏడవలేదు. అవ్వ ఆ రోజు అస్సలు ఏడవలేదు. పోగు అతకబోయి అతకలేక, వేళ్లు తడి చేసుకుని మళ్లీ అతకబోయింది, అంతే. ఆ మాట చెప్పి నేను లేచి కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగాను. ఆ వేషం నాకు వచ్చి ఉంటే అక్కడ నేను గుండె బాదుకునేవాణ్ని. జనం చప్పట్లు కొట్టేవారు, మా అవ్వ మాత్రం అందులో ఉండేది కాదు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, నిజం అదే. చాలా అలసటగా అనిపించింది. పన్నెండేళ్ల అలసట ఒక్కసారే వచ్చి మీద కూర్చున్నట్టయింది.

మూడో రోజు సాయంత్రం నాటకం. ఎండ ఇంకా తగ్గలేదు, జనం చేతి రుమాళ్లు నెత్తిన వేసుకుని నేల మీద కూర్చున్నారు. పరదా ఏదని అడిగినవాళ్లున్నారు. హార్మోనియం లేదని తెలిసి లేచిపోయినవాళ్లున్నారు. మా వాడ ఆడవాళ్లంతా ఒకచోట, వాళ్ల మధ్య మా అవ్వ. పన్నెండేళ్లలో నా నాటకం ఒక్కటి చూడలేదు, కొడుకును చీరలో చూడలేనని రాలేదు. ఈసారి నేను చీర కట్టడం లేదు కాబట్టి వచ్చింది.

నేను గది తలుపు వెనక పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఆమెకు ఒక్క మాట కూడా అందించాల్సిన పని పడలేదు. నిజం చెప్పాలంటే, ఒక్కచోటైనా ‘వచ్చాడు’ అని నోరు జారితే బాగుండునని కోరుకున్నాను. అప్పుడు కూడా కోరుకున్నాను. ఆమె జారలేదు. రాట్నం జోరు పెరిగింది, గొంతు తగ్గింది, వెనక వరుసల వాళ్లు వినడానికి ముందుకు జరిగారు. పోగు తెగింది, ఆమె వేళ్లు తడి చేసుకుని అతకబోయింది, అతకలేదు, మళ్లీ తడి చేసుకుంది. మా వాడ ఆడవాళ్లలో ఎవరో “అయ్యో, ఇటియ్యి బిడ్డా, నేనతుకుత” అని లేవబోతే పక్కనున్నవాళ్లు కూర్చోబెట్టారు. నాకు కళ్లెదుట ముప్పై ఆరేళ్ల మా అవ్వ కనిపించింది. ఎనిమిదేళ్లప్పుడు చూసిన మొహం, అటు తర్వాత ఎన్నడూ గుర్తుచేసుకోని మొహం. పుస్తకంలో ఏ పేజీలో ఉన్నామో నాకు తెలియలేదు.

అయిపోయాక చప్పట్లు పెద్దగా పడలేదు. ఉత్తరంలో ఏముందో చెప్పకుండా ఎట్లా ఆపుతారని కొందరు పంతులుతో గొడవకు దిగారు. నేను అవ్వను ఇంటికి తీసుకుపోతూ, ఆమె ఎవరి లెక్క చేసిందో గుర్తుపట్టినవా అని అడిగాను.

“పట్టకేం. అచ్చం మా చెల్లె లెక్క చేసింది. అది గిట్లనే పోగు నోట్ల వెట్టుకునేది,” అంది అవ్వ.

మర్నాడు పొద్దున బస్సుకు ఆమెను ఎక్కించే పని నా మీదే పడింది. పెట్టె మోసుకుని బస్‌స్టాండ్‌కు పోయాను. ఏడు గంటలకే నేల కాలుతోంది. బస్సు ఇంకా రాలేదు. మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు, ఇక మొయ్యలేననిపించింది. ఆ నకలులో వయసు నేనే వదిలేశానని, తెలిసే వదిలేశానని, ఎందుకు వదిలేశానో కూడా చెప్పేశాను. ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

“తెలుసండీ. ఆయన పుస్తకం చూపించినప్పుడే తెలిసింది. మీ నకలు నాకు కంఠతా వచ్చు.”

“మరి నేను రాసిన్నని ఎందుకు చెప్పినరమ్మా?”

“రాయలేదంటే మిమ్మల్ని అప్పుడే పంపించేసేవారు. ఆవిడ ముప్పై ఆరేళ్లప్పుడు ఎలా ఉండేదో ఇంకెవర్ని అడగను? ఆవిడకే గుర్తులేదు.”

కనికరించి కాపాడిందేమోనని మూడు రోజులు కుమిలిపోయాను. పని కోసం కాపాడింది. ఎందుకో అది విన్నాక ఊపిరి ఆడింది. బస్సు వచ్చింది. పెట్టె పైన కట్టించి దిగేసరికి ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది.

“మా ఊళ్లో నాకు ముందు ఆ వేషాలు వేసిన పెద్దాయన ఉండేవారు. నేను వచ్చాక ఆయన నాకు ఒక్క మాట నేర్పలేదు, చనిపోయేదాకా నా మొహం చూడలేదు. మీరు తప్పు రాశారు, కాదనను. కానీ తర్వాత ఒక్కటి కూడా దాచుకోకుండా నేర్పారు.”

నేర్పింది ఆమె కోసం కాదని, ఎవరి చేతుల్లోనైనా సరే అవ్వ పాడుకాకూడదనే భయంతోనని చెప్పాలనుకున్నాను. డ్రైవరు బస్సు కదిలించాడు. ఆ తర్వాత నేను మళ్లీ చీర కట్టలేదు.